ర్యామ్‌కు ఎన్ని వోల్టులు ఇవ్వాలి?

బయోస్‌లో, అంటే కంప్యూటర్ మూల సెట్టింగులు ఉండే ప్రోగ్రామ్‌లో, ర్యామ్ వోల్టేజ్‌ను ముట్టుకునే ముందు కేబినెట్ తెరిచి, ర్యామ్ స్టిక్ మీద అతికించిన లేబుల్‌ను చదవాలి. డీడీఆర్4 రకానికి చెందిన 3200 వేగపు స్టిక్ అయితే చాలావాటిపై సీఎల్16 (స్పందించడానికి పట్టే ఆలస్యాన్ని తెలిపే అంకె), 1.35 వోల్టులు అని ముద్రించి ఉంటుంది. డీడీఆర్4 ప్రమాణం నిర్దేశించిన వోల్టేజ్ మాత్రం 1.2. కొత్త స్టిక్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు మదర్‌బోర్డ్ సాధారణంగా ఈ 1.2 వోల్టులతోనే, 2133 లేదా 2400 వంటి తక్కువ వేగంతో దాన్ని నడుపుతుంది. లేబుల్ మీది వేగం కావాలంటే, తయారీదారు ముందుగానే పరీక్షించి, స్టిక్ మీది చిన్న చిప్‌లో రాసిపెట్టిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ను బయోస్‌లో ఎంచుకోవాలి. అప్పుడు 1.35 దానంతటదే వస్తుంది. చాలామందికి ఇంతకు మించి చేయవలసిన పని లేదు.

ఒక తరం అంకెను మరో తరానికి వాడకూడదు. డీడీఆర్3కి 1.5, డీడీఆర్3ఎల్‌కు 1.35, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1 వోల్టులు ప్రమాణం. డీడీఆర్3కి రోజువారీ తిండి అయిన 1.5 వోల్టులే డీడీఆర్4 ప్రమాణంలో గరిష్ఠ పరిమితి. అది దాటితే చిప్ శాశ్వతంగా దెబ్బతినే అవకాశం ఉంది. వోల్టేజ్‌ను చేత్తో టైపు చేసేటప్పుడు 1.35 బదులు పొరపాటున 1.53 అని కొట్టినా కొన్ని బోర్డులు అంకె రంగు మార్చి ఊరుకుంటాయే తప్ప అడ్డుకోవు. అందుకే ఎంటర్ నొక్కాక ఆ అంకెను మరొక్కసారి చూడాలి.

ప్రొఫైల్ ఎంచుకుని సేవ్ చేశాక మళ్లీ బయోస్‌లోకే వెళ్లి, బోర్డు నిజంగా ఎంత వోల్టేజ్ ఇస్తున్నదో హార్డ్‌వేర్ మానిటర్ పేజీలో చూడాలి; 1.35 పెడితే 1.36 కనిపించడం మామూలే. ఆ తరువాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరానట్టే. అప్పుడు వోల్టేజ్ పెంచడం కంటే వేగాన్ని 3200 నుంచి 3000కు దించడమే ముందుగా చేయదగిన పని అని నా అభిప్రాయం. పెంచక తప్పదనుకుంటే 0.01 చొప్పున పెంచుతూ, ప్రతిసారీ పరీక్షిస్తూ, 1.40 దగ్గర ఆగిపోవాలి. లేబుల్ మీదనే 1.45 అని ఉన్న స్టిక్‌ల సంగతి వేరు.

అసలు జాగ్రత్త పడవలసినది ర్యామ్ విషయంలో కంటే ప్రాసెసర్ విషయంలో. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ఇంటెల్ బోర్డులలో సిస్టమ్ ఏజెంట్ అనీ, ఏఎండీ బోర్డులలో ఎస్ఓసీ అనీ దాని వోల్టేజ్ విడిగా కనిపిస్తుంది. ఎక్స్‌ఎంపీ గానీ, అటువంటిదే అయిన ఏఎండీ వారి ఎక్స్‌పో ప్రొఫైల్ గానీ ఆన్ చేసినప్పుడు, "ఆటో"లో ఉన్న ఈ వోల్టేజ్‌ను కొన్ని బోర్డులు మనకు చెప్పకుండానే పెంచేస్తాయి. 2023లో రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని కాలిపోయిన తరువాత, ఎస్ఓసీ వోల్టేజ్ 1.3 దాటకుండా ఏఎండీ బయోస్ అప్‌డేట్ల ద్వారా హద్దు పెట్టింది. అటువంటి ప్రాసెసర్ ఉన్నవారు ముందుగా బయోస్‌ను అప్‌డేట్ చేసి, ఆ తరువాతే ప్రొఫైల్ జోలికి వెళ్లాలి.

వోల్టేజ్ పెరిగితే వేడి కూడా పెరుగుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే అందులోని డేటా నిలవడానికి రెట్టింపు సార్లు రిఫ్రెష్ చేయవలసి వస్తుందంటే, ఆ వేడిలో చిప్‌లోని ఛార్జ్ ఎంత త్వరగా జారిపోతుందో ఊహించవచ్చు. డిసెంబరులో తప్పు లేకుండా నడిచిన సెట్టింగ్ రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో ఎర్రర్లు చూపవచ్చు కనుక, మే నెలలో మరోసారి పరీక్షించాలి.

మార్పు చేశాక తెర నల్లగా ఉండిపోతే కంగారు పడనక్కరలేదు. కొన్ని బోర్డులు రెండు మూడుసార్లు వాటంతటవే రీస్టార్ట్ అయి పాత సెట్టింగ్‌కు వస్తాయి. రాకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెట్టాలి. అప్పుడు బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి గనుక, పనిచేసిన అంకెలను ముందే ఒక కాగితం మీద రాసి కేబినెట్ లోపలి వైపు అతికించి ఉంచుకోవడం మేలు.