ప్రాజెక్టు రిపోర్టు మనమే రాద్దాం – 4వ పాఠం: హెడ్డింగులు, దానంతట అదే వచ్చే విషయసూచిక

పోయిన పాఠంలో బొమ్మ చుట్టూ అక్షరాలు ఎలా సర్దుకుంటాయో చూశాం. రామప్ప గుడి ఫొటో ఒకటి పేజీకి కుడిపక్కన పెట్టి ఉంచమన్నాను. పెట్టే ఉంటారు. ఆ ఫొటో ఇప్పుడు ఇంకెక్కడో కనిపిస్తుంటే కంగారు పడకండి, యాంకర్ (బొమ్మని ఏ పేరాకో, ఏ పేజీకో కట్టి ఉంచే గుర్తు) గురించి చెప్పిన ముక్క ఇంకోసారి చదివితే సరిపోతుంది. ఇవాళ ఆ ఫైలుతోనే పని.

ముందు ఒక సంగతి చెప్తాను. మా అక్క కూతురు ఎనిమిదో తరగతిలో ఉండగా సోషల్ ప్రాజెక్టు చేసింది. పద్నాలుగు పేజీలు. అన్నీ తనే టైపు చేసుకుంది. మొదట్లో విషయసూచిక కావాలి కదా, అదీ చేత్తోనే కొట్టింది: "పరిచయం" అని రాసి, ఫుల్‌స్టాప్ మీట నొక్కిపట్టి చుక్కలు పోసి, చివర 3 అని వేసింది. ఒక్కో వరుసలో చుక్కలు ఒక్కో చోట ఆగాయి. అంకెలు ఒకదాని కింద ఒకటి నిలబడలేదు. స్పేస్‌బార్ కొట్టి కొట్టి ఎలాగో లైన్లోకి తెచ్చింది. మర్నాడు పొద్దున్నే సబ్మిట్ చేయాలి. రాత్రి తొమ్మిదిన్నరకి వాళ్ల నాన్న "ఈ ఫొటో కూడా పెట్టమ్మా, బాగుంది" అన్నాడు. పెట్టింది. అంతే, ఐదో పేజీలో మొదలవాల్సినది ఆరో పేజీకి వెళ్లింది, దాని వెనకవన్నీ ఒక్కో పేజీ జరిగాయి. సూచికలో ఉన్న అంకెలన్నీ తప్పే. "పిన్నీ, మళ్లీ మొత్తం కొట్టాలా?" అని ఫోన్ చేసేసరికి ఏడుపు గొంతు.

కొట్టక్కర్లేదు. అసలు మొదటిసారి కూడా కొట్టి ఉండాల్సింది కాదు. కంప్యూటరుకి ఏ పేజీలో ఏముందో తెలుసు. ఏది హెడ్డింగో మాత్రం తెలియదు. మనం లావు అక్షరాలు చేసి, సైజు పెంచి, రంగు వేస్తే చూసేవాళ్లకి అది హెడ్డింగని అర్థమవుతుంది గానీ, కంప్యూటరుకి అది లావుగా ఉన్న ఇంకో వాక్యమే. "ఇది హెడ్డింగు" అని దానికి విడిగా చెప్పాలి. అలా చెప్పే పద్ధతినే స్టైల్ అంటారు. ఇవాళ్టి పాఠమంతా దీని చుట్టూనే.

మనం వాడుతున్నది లిబ్రేఆఫీస్ రైటర్. డబ్బు కట్టక్కర్లేనిది, 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది. వర్డ్ వాడేవాళ్ల కోసం చివర్లో రెండు మాటలు చెప్తాను.

ఫైలు తెరిచి, కింద ఉన్నట్టు హెడ్డింగులు ఒక్కో లైనులో టైపు చేయండి. లావు, రంగు, గీత ఏమీ వద్దు. ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు రాయండి.

రామప్ప గుడి
పరిచయం
గుడి చరిత్ర
రేచర్ల రుద్రుడు
పాలంపేట శాసనం
కట్టిన తీరు
ఇసుక పునాది
నీటిలో తేలే ఇటుకలు
శిల్పాలు
ప్రపంచ వారసత్వ గుర్తింపు

ఏం రాయాలో తెలియకపోతే ఇవి వాడుకోండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు. 1213 నాటిదని అక్కడి శాసనం చెప్తుంది. ఊరు పాలంపేట, ఇప్పటి ములుగు జిల్లా. పునాది గోతిని ఇసుకతో నింపి దానిమీద కట్టారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇవి కాపీ కొట్టకుండా మీ మాటల్లో రాస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు "పరిచయం" అన్న లైనులో ఎక్కడో ఒకచోట కర్సర్ పెట్టండి. లైను మొత్తం సెలెక్ట్ చేయక్కర్లేదు. కంట్రోల్ మీట పట్టుకుని 1 నొక్కండి. అక్షరాలు పెద్దవయ్యాయి కదా? పైన ఎడమవైపు ఫాంటు పేరు పక్కనున్న డబ్బాలో "హెడింగ్ 1" అని కనిపిస్తుంది. చూడాల్సింది ఆ డబ్బానే, అక్షరాల సైజు కాదు. "గుడి చరిత్ర", "కట్టిన తీరు", "శిల్పాలు", "ప్రపంచ వారసత్వ గుర్తింపు" వీటికీ అలాగే చేయండి. "రేచర్ల రుద్రుడు" చరిత్రలో ఒక భాగం కాబట్టి దానికి కంట్రోల్, 2. శాసనం, ఇసుక పునాది, ఇటుకలు కూడా 2 కిందికే వస్తాయి. పొరపాటున మామూలు పేరాకి నొక్కేస్తే కంట్రోల్, 0 కొట్టండి, మామూలైపోతుంది.

అన్నిటికన్నా పైనున్న "రామప్ప గుడి" సంగతి వేరు. అది పుస్తకం పేరులాంటిది. దానికి హెడింగ్ 1 ఇస్తే సూచికలో తన పేరు తనే చెప్పుకుంటుంది. అందుకని దానికి ఆ డబ్బాలోంచి "టైటిల్" ఎంచుకోండి.

పక్కన కూర్చున్న పెద్దవాళ్లకి ఒక మాట. మౌస్ మీరు పట్టుకోవద్దు. వేలితో స్క్రీన్ మీద చూపించండి, నోటితో చెప్పండి, అంతే. మీరు చేసి పెడితే ప్రాజెక్టు అవుతుంది గానీ పాఠం అవదు.

ఇక్కడ చాలామందికి ఒక చిక్కు వస్తుంది, తెలుగులో రాసేవాళ్లకే వస్తుంది. హెడ్డింగు అక్షరాలు నచ్చలేదు, మార్చాలనుకుంటారు. ఎఫ్11 నొక్కితే కుడిపక్కన స్టైల్స్ జాబితా తెరుచుకుంటుంది. అందులో హెడింగ్ 1 మీద కుడి క్లిక్ చేసి "ఎడిట్ స్టైల్" అనాలి, పాత వెర్షన్లలో అయితే "మాడిఫై". ఫాంట్ అన్న ట్యాబులోకి వెళ్లి రామభద్ర అని ఎంచుకుని, సైజు 20 చేసి, ఓకే కొడతారు. తెలుగు హెడ్డింగులో వీసమెత్తు మార్పు ఉండదు! ఇంకో మూడుసార్లు చేస్తారు. ఏమీ కాదు. "ఇది పాడైంది" అని మూసేస్తారు.

పాడవలేదు. రైటర్ దగ్గర ఇంగ్లిష్ అక్షరాలకి ఒక ఫాంటు, తెలుగు, హిందీ, అరబిక్ లాంటి లిపులకి ఇంకో ఫాంటు విడివిడిగా ఉంటాయి. మీరు మార్చింది ఇంగ్లిష్ దానికి. అదే ఫాంట్ ట్యాబులో "సీటీఎల్" అనో "కాంప్లెక్స్" అనో రాసి ఉన్న భాగం ఉంటుంది. మన ఫాంటు, మన సైజు అక్కడ మార్చాలి. ఆ భాగమే కనిపించకపోతే, టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, భాషల సెట్టింగుల్లో "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" పక్కన టిక్ పెట్టి రండి. ఇది తెలియక నేనూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఫాంట్ల గురించి నా అభిప్రాయం: హెడ్డింగుకి రామభద్ర లాంటి బొద్దు అక్షరం, లోపలి రాతకి మండలి లేదా నోటో సాన్స్ తెలుగు. ఈ మూడూ ఉచితంగా దొరుకుతాయి. ఒక రిపోర్టులో రెండు ఫాంట్లకి మించి వద్దు. ఇంద్రధనుస్సు రంగుల్లో వంకర్లు తిరిగే హెడ్డింగు చూస్తే టీచరుకి ముందు కనిపించేది ఆ వంకరే.

అదే ఎడిట్ స్టైల్ పెట్టెలో ఇంకో రెండు చోట్లకి వెళ్లాలి. మొదటిది లైన్ల మధ్య జాగా. తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. "రాష్ట్రం" అన్న మాట కింద ఎంత బరువు వేలాడుతుందో చూడండి. ఒక పేరాలో ఆ మాట రాసి, కింది లైనులో "కీర్తి" వచ్చేలా చేసి చూస్తే రెండూ గుద్దుకుంటున్నాయో లేదో తెలిసిపోతుంది. మామూలు రాతకి వాడాల్సిన స్టైల్ పేరు "బాడీ టెక్స్ట్", కొన్ని వెర్షన్లలో "టెక్స్ట్ బాడీ". ఇందాకటి కంట్రోల్, 0 ఇచ్చేది దీన్నే, కాబట్టి మీ మామూలు పేరాలకి ముందు అది కొట్టండి. దాన్ని తెరిచి, "ఇండెంట్స్ అండ్ స్పేసింగ్" ట్యాబులో లైన్ స్పేసింగ్ ఒకటిన్నర చేయండి. "ఫిక్స్‌డ్" అన్నది మాత్రం ముట్టుకోకండి, అక్షరాలు తెగిపోవచ్చు.

రెండోది, ప్రతి అధ్యాయం కొత్త పేజీలో మొదలవడం. దీనికోసం ఎంటర్ మీట పన్నెండుసార్లు కొట్టే అలవాటు ఇవాళ్టితో మానేద్దాం. హెడింగ్ 1 స్టైల్ తెరిచి, "టెక్స్ట్ ఫ్లో" ట్యాబులో బ్రేక్స్ అన్నచోట "ఇన్సర్ట్" పక్కన టిక్ పెట్టండి. పేజ్, బిఫోర్ అని ఉండాలి. ఓకే. ఐదు హెడ్డింగులూ ఒక్క దెబ్బకి ఐదు కొత్త పేజీల పైభాగానికి ఎక్కి కూర్చుంటాయి.

ఇప్పుడు అసలు సరదా. "రామప్ప గుడి" టైటిల్ చివర కర్సర్ పెట్టి కంట్రోల్, ఎంటర్ కొట్టండి. ఖాళీ పేజీ వస్తుంది. ఇన్సర్ట్ మెనూలో "టేబుల్ ఆఫ్ కంటెంట్స్ అండ్ ఇండెక్స్" ఉంది, దానిలోపల మళ్లీ అలాంటి పేరే ఇంకొంచెం పొడుగ్గా ఉంటుంది, అది నొక్కండి. ఒక పెట్టె తెరుచుకుంటుంది. టైటిల్ అన్నచోట ఇంగ్లిష్‌లో ఉన్నది చెరిపి "విషయసూచిక" అని రాయండి. ఎన్ని స్థాయిల వరకు అని అడిగేచోట 10 ఉంటుంది, 2 చేయండి. ఓకే.

వచ్చేసింది. చుక్కలు ఒకే చోట ఆగాయి, అంకెలు కుడివైపు బారుగా నిలబడ్డాయి, చిన్న హెడ్డింగులు కాస్త లోపలికి జరిగాయి. వెనక బూడిద రంగు కనిపిస్తోందా? అది స్క్రీన్ మీదే, ప్రింటులో రాదు. సూచికలో అక్షరాలు నచ్చకపోతే స్టైల్స్ జాబితాలో "కంటెంట్స్ 1", "కంటెంట్స్ 2" ఉంటాయి. ఇందాకటిలాగే, సీటీఎల్ భాగంలోనే మార్చాలి.

ఇక దీన్ని ఏడిపించి చూద్దాం. "గుడి చరిత్ర"లో ఒక పెద్ద ఫొటో పెట్టి దాన్ని రెండో పేజీకి పొంగించండి. సూచిక చూడండి. పాత అంకెలే ఉన్నాయి! అవును, అది తనంతట తను మారదు, మనం అడగాలి. సూచిక మీద కుడి క్లిక్ చేసి "అప్‌డేట్ ఇండెక్స్" నొక్కండి. ఇప్పుడు సరిపోయాయి. మా అక్క కూతురికి ఆ రాత్రి ఫోన్‌లో ముందు హెడ్డింగులకి స్టైల్ ఇప్పించి, సూచిక ఇలా పెట్టించి, ఆ తర్వాత ఈ ఒక్క క్లిక్ చేయించాను. మొత్తం పావుగంట పట్టింది. సూచికలో నేరుగా టైపు చేసి దిద్దబోతే రైటర్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది. తప్పు హెడ్డింగులో ఉంటే హెడ్డింగు దగ్గరే దిద్ది, మళ్లీ అప్‌డేట్ చేయాలి.

ఒక్కోసారి సూచికలో హెడ్డింగుతో పాటు దాని కింది పేరా మొత్తం వచ్చి పడుతుంది. హెడ్డింగు రాశాక ఎంటర్ బదులు షిఫ్ట్, ఎంటర్ కొట్టి ఉంటారు. షిఫ్ట్ ఎంటర్‌తో లైను మారుతుంది గానీ పేరా మారదు, కాబట్టి కిందిదీ హెడ్డింగులో భాగమే అనుకుంటుంది. కంట్రోల్, ఎఫ్10 నొక్కి దాక్కున్న గుర్తులు బయటపెట్టండి. పేరా చివర పిలక గుర్తు ఉంటుంది, లైను మాత్రమే విరిగినచోట వంగిన బాణం ఉంటుంది. ఆ బాణం తీసేసి మామూలు ఎంటర్ కొట్టి, కిందిదానికి కంట్రోల్, 0.

చివరగా ఎఫ్5. నావిగేటర్ అనే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. హెడింగ్స్ అన్నదాన్ని విప్పితే మీ రిపోర్టు అస్థిపంజరం కనిపిస్తుంది. "శిల్పాలు ముందు చెప్పు, కట్టిన తీరు తర్వాత" అని మేడమ్ అన్నారనుకోండి. నావిగేటర్‌లో "శిల్పాలు" పట్టుకుని "కట్టిన తీరు" పైకి లాగండి. హెడ్డింగుతో పాటు దాని కింద రాసిందంతా, బొమ్మతో సహా కదిలిపోతుంది. పేపర్ మీద అయితే ఆ నాలుగు పేజీలూ మళ్లీ రాయాల్సిందే.

వర్డ్‌లోనూ, గూగుల్ డాక్స్‌లోనూ హెడింగ్ 1కి కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కాలి. వర్డ్‌లో సూచిక రిఫరెన్సెస్ ట్యాబులో ఉంటుంది, దానిమీద క్లిక్ చేసి ఎఫ్9 కొడితే అప్‌డేట్ అవుతుంది. డాక్స్‌లో ఇన్సర్ట్ మెనూలో చూడండి.

ప్రింటుకి జిరాక్స్ షాపుకి వెళ్తుంటే ఈ ఫైలు కాదు, పీడీఎఫ్ తీసుకెళ్లండి. వాళ్ల కంప్యూటర్లో మండలి ఫాంటు లేకపోతే ఇంకేదో ఫాంటుతో చూపిస్తుంది, లైన్లు జరుగుతాయి, పద్నాలుగు పేజీలు పదహారవుతాయి, సూచిక మళ్లీ తప్పుతుంది. ఫైల్ మెనూలో "ఎక్స్‌పోర్ట్ యాజ్" కింద పీడీఎఫ్ ఉంది. అందులో ఫాంటు కూడా వెంట వెళ్తుంది. అయితే పీడీఎఫ్ తీసేముందు అప్‌డేట్ ఇండెక్స్ చేశారా?

హోంవర్కు: "ముగింపు" అని ఇంకో హెడింగ్ 1 చేర్చండి. "శిల్పాలు" కింద "మదనికలు", "నంది" అని రెండు చిన్న హెడ్డింగులు పెట్టండి. నావిగేటర్‌తో ఒక్కసారైనా వరుస మార్చి, సూచిక అప్‌డేట్ చేయండి. సూచికలో పేజీ అంకెలు ఉన్నాయి గానీ పేజీల కింద అంకెలు ఇంకా వేయలేదు కదా. అట్ట పేజీకి అంకె పడకుండా, సూచిక దాటాక 1తో మొదలయ్యేలా వేయడం 5వ పాఠంలో. దాంతో పాటే పాదసూచికలు: 1213 అని రాసినప్పుడు అది ఏ శాసనంలోదో పేజీ అడుగున చెప్పడం.