నాణేల గ్రేడింగ్ – 4వ పాఠం: అరిగిందా, ముద్ర సరిగా పడలేదా?

గత పాఠంలో నాణెం ఉపరితలపు మెరుపును పరిశీలించాం. చెవి మీది జుట్టు చదునుగా ఉన్న వెండి డాలరు చేతికి వచ్చినప్పుడు, అది చేతులు మారి అరిగిందో, టంకశాలలోనే ముద్ర పూర్తిగా పడలేదో తేల్చడానికి ఆ మెరుపే ఆధారం.

అమెరికాలో 1878 నుంచి 1904 వరకూ, మళ్ళీ 1921లో ముద్రించిన మోర్గన్ డాలరునే తీసుకుందాం. ఒక వైపు స్వేచ్ఛాదేవి చెవిపై జుట్టు, మరో వైపు గద్ద రొమ్ము దాదాపు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, అచ్చుల మధ్య ఎడం కాస్త ఎక్కువైనా, ఒత్తిడి చాలకపోయినా, లోహం అచ్చులోని ఆ రెండు గుంటలనూ పూర్తిగా నింపలేదు. న్యూ ఆర్లియన్స్ టంకశాల డాలర్లలో, ముఖ్యంగా 1892 నాటి వాటిలో, ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. 1881 నాటి శాన్ ఫ్రాన్సిస్కో డాలర్లలో సాధారణంగా జుట్టు పాయలు పాయలుగా తేలి ఉంటుంది.

నాణేన్ని అంచులతో పట్టుకుని, ఒకే దీపం కింద మెల్లగా వంచుతూ, భూతద్దంతో చెవి పైభాగాన్ని చూడండి. వెలుగు పట్టీ ఆ చదును మీదుగా తెగకుండా సాగితే, పైగా ముద్ర పడకముందు బిళ్ళ మీద ఉన్న సన్నని గీతలు అక్కడ మిగిలి ఉంటే, అది బలహీనమైన ముద్ర. వెలుగు అక్కడ తెగి, మసక బూడిదరంగు కనిపిస్తే అరుగుదల. అనుమానం తీరకపోతే చెంప, నుదుటి పైనున్న జుట్టు కూడా చూడండి. అరుగుదల ఎత్తైన భాగాలన్నిటినీ తాకుతుంది, బలహీన ముద్ర ఎక్కువగా నడిమి భాగానికే పరిమితం.

నాణెం స్థితికి గ్రేడు ఇచ్చే 70 పాయింట్ల కొలమానంలో 60, ఆపైన ఉన్నవి చలామణీలోకి వెళ్ళని నాణేలు. ముద్ర బలహీనమైనంత మాత్రాన నాణెం ఆ వరుస నుంచి జారిపోదు గానీ, 65 దాటడం మాత్రం కష్టం. అరిగిన నాణేన్ని ‘ముద్ర బలహీనం’ అని చెప్పి కొత్తదాని ధరకు అమ్మడం కొనుగోలుదారుకు చేసే అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఈ పరీక్షను ఇంత వివరంగా చెప్పడానికి కారణమూ అదే.

కొన్ని నాణేల విషయంలో ముద్రకే విడిగా వెల కడతారు. 1945లో ఫిలడెల్ఫియా టంకశాల 15 కోట్లకు పైగా మెర్క్యురీ డైములు (పది సెంట్ల నాణేలు) ముద్రించింది. వెనుక వైపు కర్రల మోపును చుట్టిన నడిమి కట్టు స్పష్టంగా రెండు పట్టీలుగా విడివడినవి వాటిలో బహు అరుదు. వాటికి ‘ఫుల్ బ్యాండ్స్’ అని రాస్తారు. 65 గ్రేడు మామూలు నాణెం పదుల డాలర్లకు దొరికితే, అదే గ్రేడులో ఫుల్ బ్యాండ్స్ ఉన్నది వేల డాలర్లు పలుకుతుంది. ఆ రెండు పట్టీల మధ్య గీత ఒక చోట తెగినా ఆ గుర్తింపు రాదు.