పాత కార్లు పోల్చడం నేర్చుకుందాం – 3వ పాఠం: హార్స్ పవర్ అంకె, చల్లటి ఇంజిన్

పోయిన పాఠంలో రెండు కార్ల బరువులూ టైర్ సైజులూ పక్కపక్కన రాసుకున్నాం కదా, ఆ కాగితం తీయండి. ఒకటి 60ల నాటిది, కార్బ్యురేటర్ బండి, అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపే పని కార్బ్యురేటర్ అనే భాగానిది. ఇంకోటి 90ల నాటిది, ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోల్‌ని చిమ్మేది. ఇవాళ హార్స్ పవర్ రాస్తాం, కానీ ఆ అంకె ఎలా కొలిచారో ముందు చూసుకోవాలి, చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు.

అమెరికాలో 1971 దాకా బ్రోషర్లలో ఎక్కువగా గ్రాస్ పవరే ఉండేది. అంటే ఇంజిన్‌ని స్టాండ్ మీద పెట్టి, ఎయిర్ ఫిల్టర్ లేకుండా, సైలెన్సర్ లేకుండా, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) భారం కూడా పడకుండా తిప్పి కొలిచింది. 1972 నుంచి నెట్, అంటే కార్లో ఎలా ఉంటుందో అలాగే అన్నీ బిగించి కొలిచింది. కాడిలాక్ ఎల్డొరాడో 8.2 లీటర్ల ఇంజిన్‌కి 1971లో 365 అని రాశారు, 1972లో 235. ఇంజిన్ దాదాపు అదే, మారింది ముఖ్యంగా కొలత! అందుకే మీ కాగితంలో ప్రతి అంకె పక్కన 'గ్రాస్' అనో 'నెట్' అనో తప్పకుండా రాయండి, ఏదో ఒక శాతం తీసేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఎందుకంటే సైలెన్సర్ దగ్గర పోయే పవర్ ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు చేత్తో చేసే పని. రెండు బళ్లూ రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే ఆరుబయట స్టార్ట్ చేయండి, మూసిన షెడ్‌లో మాత్రం వద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ప్రాణాలకే ప్రమాదం.

పాతదాంట్లో చోక్ లాగి కీ తిప్పండి. చల్లటి లోహం మీద పెట్రోల్ సరిగ్గా ఆవిరవ్వదు, అందుకే చోక్ గాలి తగ్గించి మిశ్రమాన్ని చిక్కగా చేస్తుంది, పచ్చి పెట్రోల్ వాసన ముక్కుకి తగులుతుంది, ఇంజిన్ వేడెక్కేకొద్దీ చోక్ కొంచెం కొంచెంగా లోపలికి నెట్టాలి, తొందరపడితే దగ్గినట్టు దగ్గి ఆగిపోతుంది. కొత్తదాంట్లో కీ ఆన్ చేసి ఒక్క క్షణం ఆగితే వెనక నుంచి ఫ్యూయల్ పంప్ సన్నగా గుయ్‌మంటుంది, అది వినండి. తర్వాత కీ తిప్పితే చాలు, సెన్సర్ చెప్పే వేడిని బట్టి కంప్యూటరే పెట్రోల్ పెంచి తగ్గిస్తుంది.

అసలు గమనించాల్సింది ఇది: కొన్ని వారాలు ఆగి ఉన్న కార్బ్యురేటర్ బండి ఎక్కువసేపు తిప్పితేగానీ అందుకోకపోతే అది జబ్బు కాదు, లోపలి చిన్న తొట్టిలో పెట్రోల్ ఆవిరైపోయి ఉంటుంది, మళ్లీ నిండాలి. అదే ఇంజెక్షన్ బండి రోజూ అలా మొరాయిస్తే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే, ముందు ఫ్యూయల్ ప్రెషర్ చూపించండి. కాబట్టి రెండిటికీ ఒకే మార్కుల పట్టీ పెట్టొద్దు, నిజంగా ఆ పాత బండికి చాలా అన్యాయం అది.

వచ్చే పాఠం లోపు మూడు రోజులు పొద్దున్న ఇదే చేసి, ఎన్ని సెకన్లకి అందుకుంది, వాసన ఎంతసేపు ఉంది, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) ఎప్పుడు కుదురుకుంది రాసి పెట్టుకోండి, ఆ కాగితంతోనే బ్రేకులు మొదలుపెడదాం.