కర్నూలు ఎండకు ఆక్టావియా ఆర్‌ఎస్: రెండు లక్షల కి.మీ. దాటిన కారును దూరప్రయాణాలకు తయారు చేయడం

బెంగళూరులో పాత స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ కొన్నవాళ్లు చాలామంది మొదటి నెలలోనే రీమ్యాప్‌కి, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడానికి, పరుగెడతారు. అది పనిని తలకిందులుగా మొదలుపెట్టడం. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, వేసవిలో కూడా తెల్లవారుజామున చల్లగా ఉంటుంది. సగం పూడుకుపోయిన రేడియేటర్, అరిగిన వాటర్ పంపు, గట్టిపడిన హోసులు ఇందిరానగర్‌కీ ఎలక్ట్రానిక్ సిటీకీ తిరిగినంతకాలం గుట్టు బయటపెట్టవు. ఎన్‌హెచ్ 44 మీద బాగేపల్లి దాటి పెనుకొండ, అనంతపురం, గుత్తి మీదుగా కర్నూలు చేరేసరికి ఎత్తు 300 మీటర్ల లోపుకి దిగుతుంది, మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు. కారును తయారు చేయాల్సింది ఆ మధ్యాహ్నానికి.

వేగం అంటే ఏమిటో కూడా ముందే అనుకోవాలి. నాలుగు లేన్ల హైవే మీద కారుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 100 కి.మీ., ఎక్స్‌ప్రెస్‌వే మీద 120. కర్ణాటకలో 130 దాటితే 2024 ఆగస్టు నుంచి జరిమానాతో వదలకుండా కేసు పెడుతున్నారు. కాబట్టి హైదరాబాద్ దాకా సుమారు 570 కి.మీ. తొందరగా చేరడమంటే 180 కొట్టడం కాదు. 100 దగ్గర గంటల తరబడి కారు కుదురుగా ఉండాలి, లారీని దాటేటప్పుడు అడిగిన వెంటనే లాగాలి, దారిలో బానెట్ ఎత్తాల్సిన పని పడకూడదు.

ఈ కారులో ఉన్నది 1.8 లీటర్ల 20 వాల్వుల టర్బో, 150 పీఎస్, 210 న్యూటన్ మీటర్లు. కింది ప్లాట్‌ఫామ్ పీక్యూ34, అంటే నాలుగో తరం గోల్ఫ్, మొదటి తరం ఆడీ టీటీ, న్యూ బీటిల్ వాడినదే. బెంగళూరు విడిభాగాల బజారు జేసీ రోడ్డులో స్కోడా పేరుతో దొరకని బుష్‌లు (జాయింట్లలోని రబ్బరు తొడుగులు), బ్రేకు డిస్కులు ఆ కార్ల పేరుతో తెప్పించుకోవచ్చు. పార్ట్ నంబరు చూసి కొనండి, డబ్బా చూసి కాదు. అసలు డబ్బాలో నకిలీ సరుకు పెట్టి అమ్మేవాళ్లు ఆ రోడ్డులో ఉన్నారు.

ముందు కొలతలు

ఏ పార్టూ కొనకముందే మూడు కొలతలు తీయించండి. కంప్రెషన్: కొత్త ఇంజిన్‌లో 9 నుంచి 14 బార్, 7కు తగ్గితే అరిగిపోయినట్టు, సిలిండర్ల మధ్య తేడా 3 బార్ మించకూడదు. ఆయిల్ ప్రెషర్: ఫిల్టర్ హౌసింగ్ దగ్గరి సెండర్ విప్పి మెకానికల్ గేజ్ బిగించాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక 2000 ఆర్‌పీఎం వద్ద 2 బార్ కన్నా తక్కువ చూపిస్తే ముందు సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి, పంపు ఆయిల్ పీల్చుకునే పికప్ జాలీ చూడండి. సమయానికి ఆయిల్ మార్చని 1.8 టర్బోల్లో అక్కడ మడ్డి పేరుకుంటుంది.

మూడోది వీసీడీఎస్ కేబుల్‌తో లాగ్, అంటే ల్యాప్‌టాప్‌ను కారు కంప్యూటర్‌కు కలిపి నడుస్తుండగా అంకెలు రికార్డు చేయడం. 002 బ్లాకులో గాలి ప్రవాహం, 020లో ఒక్కో సిలిండర్‌కు నాక్ (ఇంధనం అదుపు తప్పి మండటం) వల్ల వెనక్కి తగ్గిన స్పార్క్ టైమింగ్, 032లో ఫ్యూయల్ ట్రిమ్ (ఇంధనాన్ని కంప్యూటర్ ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె) కనిపిస్తాయి. థర్డ్ గేర్‌లో ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ లాగితే గాలి సెకనుకు 120 గ్రాముల దగ్గరికి రావాలి. 100 దాటకపోతే ఎయిర్ మాస్ సెన్సర్ బలహీనపడిందన్నా అనుకోవాలి, ఎక్కడో బూస్ట్ (టర్బో నెట్టే గాలి) లీకవుతోందన్నా అనుకోవాలి. టర్బో ముందున్న పైపు మూసి ఒక బార్ లోపే గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే ఏదన్నది తేలిపోతుంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాక్కున్న బ్రీదర్ హోసులు ఈ వయసుకి చేత్తో నొక్కితే బిస్కెట్లలా విరుగుతాయి. అన్నీ ఒకేసారి మార్చేయండి. థ్రాటిల్ వదిలినప్పుడు టర్బో గాలిని వెనక్కి మళ్లించే డైవర్టర్ వాల్వు చిరిగి ఉంటే 710ఎన్ రకం వేయండి.

కూలింగ్: ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టాలి

డ్యాష్‌బోర్డులోని ముల్లును నమ్మొద్దు. కూలెంట్ సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా అది 90 మీదే కదలకుండా నిలబడుతుంది, ఫ్యాక్టరీ పెట్టిన లెక్క అది. ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యం. ఓబీడీ రీడర్ పెట్టుకుని అసలు అంకె చూడండి. హైవే మీద 88 నుంచి 96 మధ్య ఆడుతుంటే బాగున్నట్టు. 105 దాటితే బండి పక్కకు తీయండి.

వేడి ఎప్పుడు పెరుగుతుందో గమనిస్తే లోపం సగం దొరికినట్టే. సిల్క్‌బోర్డు జామ్‌లో ఎక్కి, రోడ్డు ఖాళీ కాగానే దిగిపోతుంటే ఫ్యాన్, దాని స్విచ్ లేదా కంట్రోల్ మాడ్యూల్ చూడాలి. ఫ్యాన్ మొదటి స్పీడు 92-97 మధ్య, రెండోది 99-105 మధ్య అందుకోవాలి. మొదటి స్పీడు చచ్చిపోయి రెండోదే పనిచేసే కార్లు చాలా ఉన్నాయి, ఊళ్లో ఆ తేడా తెలియదు. దానికి భిన్నంగా, ఆగకుండా వెళ్తున్నప్పుడే వేడెక్కి నెమ్మదిస్తే చల్లబడుతుంటే రేడియేటర్ లోపల పూడిక, పైన ఏసీ కండెన్సర్‌కు పట్టిన దుమ్ము, పురుగులు, లేదా వాటర్ పంపు. కొన్ని పంపులకు ప్లాస్టిక్ ఇంపెల్లర్ ఉంటుంది. అది షాఫ్ట్ మీద జారిపోతే పంపు తిరుగుతున్నట్టే ఉంటుంది, నీరు మాత్రం కదలదు. మెటల్ ఇంపెల్లర్ ఉన్నదే కొనండి.

మార్చాల్సినవి: రేడియేటర్, థర్మోస్టాట్, హెడ్ పక్కన ప్లాస్టిక్ ఫ్లాంజి దాని ఓ-రింగ్‌తో సహా, టెంపరేచర్ సెన్సర్, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూత, పైకీ కిందకీ వెళ్లే పెద్ద హోసులు. కూలెంట్ జీ12 లేదా దాని తర్వాతి రకం, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. ఆకుపచ్చ కూలెంట్ దీనితో కలిపితే జిగురులా గడ్డకట్టి హీటర్ కోర్ మూసుకుపోతుంది. పాతది ఏం పోశారో తెలియకపోతే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కార్పొరేషన్ నీళ్లు కూడా వద్దు, బోరు నీళ్లయితే అసలే వద్దు.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క. తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బెల్ట్, టెన్షనర్ రోలర్, హైడ్రాలిక్ డాంపర్, వాటర్ పంపు నాలుగూ ఒకేసారి. మన వేడికి 60,000 కి.మీ. లేదా నాలుగైదేళ్లు, ఏది ముందైతే అది.

ఆయిల్ 5డబ్ల్యూ-40, ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం ఉన్నది, సుమారు నాలుగున్నర లీటర్లు, 7,500 కి.మీ.కు ఒకసారి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరుకు మించి తాగుతుంటే టర్బో సీల్ చూడండి. దాబా దగ్గర ఆపగానే ఇంజిన్ కట్టేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచడం టర్బో బేరింగ్‌కు మంచిది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20. ఆ ఇథనాల్ కోసం ఈ కారు రబ్బరు హోసులు తయారు చేయలేదు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా మెత్తటి హోసులన్నీ ఇంజెక్షన్ రకం, ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, ఫిల్టర్ కూడా మార్చండి. ఇథనాల్ ఎక్కువైతే అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి, కాబట్టి ట్రిమ్ కొంచెం ప్లస్ వైపు జరగడం మామూలే. 10 శాతం దాటితే మాత్రం పంపు అలిసిందేమో చూడాలి.

బ్రేకులు

వెనక కాలిపర్ హ్యాండ్‌బ్రేక్ లీవర్ ఇరుక్కుపోవడం ఈ తరం కార్లకు పుట్టుజబ్బు. ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు డిస్కుల వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. వెనకవి రెండూ ఒకేలా లేకపోతే ఆ కాలిపర్ విప్పాల్సిందే. ఫ్లూయిడ్ డాట్ 4, రెండేళ్లకొకసారి. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ట్రాక్ ప్యాడ్లు వేయొద్దు, అవి వేడెక్కేదాకా పట్టవు. తెల్లవారుజామున తొలి కుక్క అడ్డొచ్చేది చల్లటి బ్రేకు మీదే. 312 మి.మీ. డిస్కులు వేయాలంటే వాటి క్యారియర్లు, 16 అంగుళాల చక్రాలు తప్పనిసరి. ఇంకా పెద్ద కిట్లకు ఖర్చు తప్ప ఈ వాడకంలో లాభం లేదు.

కింది భాగం

రెండు లక్షలు తిరిగిన కారు హైవే మీద అటూ ఇటూ తేలుతుంటే షాక్‌లే కారణమనుకుంటారు. ఎక్కువసార్లు నేరం ముందు కంట్రోల్ ఆర్మ్ వెనక బుష్‌ది. మధ్యలో గాడులున్న పాత బుష్ చిరుగుతుంది. టీటీలో వాడిన గట్టి రబ్బరు రకం వేస్తే స్టీరింగ్ నిలకడగా ఉంటుంది. పాలియురెథేన్ బుష్‌లు ఊళ్లో షోగా ఉంటాయి, ఆరు గంటల ప్రయాణంలో మాత్రం వాటి కంపనం నడుము పట్టేస్తుంది. వాటితో పాటు స్ట్రట్ మౌంట్లు, బేరింగులు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, వెనక బీమ్ బుష్‌లు కూడా మార్చండి.

ఇక్కడ గ్యారేజీలు తరచూ చేసే తప్పు ఒకటుంది. కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే బుష్ బోల్టులు బిగించేస్తారు. కారు కిందకు దిగగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, కొన్ని నెలల్లో మళ్లీ చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు వేయాలి. కంట్రోల్ ఆర్మ్ బోల్టులు సాగే రకం కాబట్టి పాతవి పనికిరావు. కొత్తవి 70 న్యూటన్ మీటర్లు బిగించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పాలి. పక్కనే నిలబడి చూడండి.

షాక్‌లు గ్యాస్ రకం వేసి, స్ప్రింగులు 20-25 మి.మీ.కు మించి దించొద్దు. అంతకన్నా దించితే ఊళ్ల దగ్గర వచ్చే గుర్తులు లేని స్పీడ్‌బ్రేకర్‌కు సంప్ ఆయిల్ అర్పించాల్సి వస్తుంది. పని అంతా అయ్యాక అలైన్‌మెంట్, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) సున్నా దగ్గర.

టైర్లు 205/55 ఆర్16, వీ రేటింగ్ చాలు. పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో చివరి రెండూ తయారైన సంవత్సరం. ఐదేళ్లు దాటితే ట్రెడ్ ఎంతున్నా తీసేయండి. గాలి చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి, నిండా బరువుంటే డోరు దగ్గరి స్టిక్కర్ చెప్పిన ఫుల్ లోడ్ ప్రెషర్. ఎండకు టైరు పేలుతుందని గాలి తగ్గించేవాళ్లున్నారు. తగ్గిస్తే పక్క గోడ ఎక్కువ మడతపడి మరింత వేడెక్కుతుంది, పేలేది అప్పుడే. చక్రాల బోల్టులు 120 న్యూటన్ మీటర్లు, 100 కి.మీ. తర్వాత మరోసారి.

లైట్లకు రిలే వైరింగ్ వేసి, పసుపెక్కిన అద్దాలు పాలిష్ చేయిస్తే మామూలు బల్బులే కొత్తవాటిలా వెలుగుతాయి. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ పెడితే ఎదుటివాడి కళ్లు పోతాయి, మనకు దూరం కనపడదు.

రీమ్యాప్, అన్నీ కుదిరాకే

స్టేజ్ 1తో, అంటే పార్టులేవీ మార్చకుండా ప్రోగ్రామ్ మాత్రమే మార్చే రీమ్యాప్‌తో, 190 పీఎస్ దాకా వస్తుంది, కానీ ఇన్నేళ్ల క్లచ్ ఆ టార్క్‌కు నాలుగో గేర్‌లో జారడం మొదలుపెడుతుంది. ప్లగ్గులు ఎన్‌జీకే బీకేఆర్7ఈ, సందు 0.7 మి.మీ. మ్యాప్ వేసినవాణ్ని బెంగళూరులో కాదు, అనంతపురం వైపు వేడిలో తీసిన లాగ్ చూడమని అడగండి. 020 బ్లాకులో టైమింగ్ 6-8 డిగ్రీలు వెనక్కి పోతుంటే ఇంకా ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసి మళ్లీ తీయాలి, అప్పటికీ తగ్గకపోతే మ్యాప్ నెమ్మది చేయించాలి. క్యాట్ (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) తీసేసే మ్యాప్ ఒప్పుకోవద్దు, పదిహేనేళ్లు దాటిన కారు ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. తీసిన ఒరిజినల్ సామాను అమ్మకండి.

తొలి పరీక్ష బాగేపల్లి దాకా, అదీ మధ్యాహ్నం పూట, లాగ్ నడుస్తుండగా. వచ్చాక చల్లారనిచ్చి కూలెంట్, ఆయిల్ మట్టం చూసి, కింద తడి ఉందేమో వెతకండి. అది నెగ్గితే కర్నూలు. డిక్కీలో ఒక ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూయల్ పంపుకు 409 నంబరు రిలే, ఫ్యూజులు, హోస్ క్లాంపులు, సాగే సిలికాన్ టేపు, ఒక లీటరు ఆయిల్, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ ఉంచండి. వేడి మీద ఆగిపోయి, చల్లారాక తనంతట తానే స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించండి. వెంటనే దొరికే పార్ట్ కాదు కాబట్టి అదీ ఒకటి డిక్కీలో పెట్టుకోండి.