ఆసుపత్రి వార్డు ఇన్‌ఛార్జి అయ్యారా? ముందు డ్యూటీ చార్ట్ సరిచేయండి

నిన్నటిదాకా పక్కపక్కన పనిచేసిన సిస్టర్లకు ఇవాళ మీరు ఇన్‌ఛార్జి. వాళ్లు మిమ్మల్ని మొదట అంచనా వేసేది డ్యూటీ చార్ట్ చూసే. అందులో పక్షపాతం కనిపిస్తే, పుట్టినరోజు కేకులు ఎన్ని కోయించినా తిని వెళ్లిపోతారు, మనసు మాత్రం విప్పరు.

వచ్చే నెల చార్ట్ ఈ నెల 25కల్లా గోడ మీద ఉండాలి. నర్సింగ్ స్టేషన్‌లో ఒక నోటుబుక్ పెట్టి, ఏ రోజు సెలవు కావాలో 18లోగా అందులో రాయమనండి. చాటుగా చెవిలో వేసినవి లెక్కలోకి రావని మొదటి రోజే చెప్పేయండి. ఎవరు ఎన్ని నైట్లు చేశారు, సంక్రాంతి, ఉగాది, రంజాన్, దసరా, క్రిస్మస్‌లకు ఎవరు డ్యూటీలో ఉన్నారు అనే లెక్క ఏడాది పొడవునా అందరికీ కనిపించేలా ఉంచండి. పెళ్లికానివాళ్లకు, పిల్లలు లేనివాళ్లకు పండగ డ్యూటీ వేసేయడం చాలా వార్డుల్లో అలవాటు. వాళ్ల కోసమూ ఇంట్లో అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారు. రాత్రి 8కి దిగినవాళ్లను మర్నాడు పొద్దున 8కి వేస్తే, ప్రయాణం, ఇంటిపని పోను సరిపడా నిద్ర ఉండదు. తప్పనిసరైతే ముందుగా అడిగి వేయండి. మీరూ నెలకు ఒకటి రెండు మధ్యాహ్నం షిఫ్టులు, ఓ ఆదివారం చేయండి. ఆ వేళల్లో ఆక్సిజన్ సిలిండర్ మార్చడానికి మనిషి దొరకడం ఎంత కష్టమో అప్పుడుగానీ తెలియదు.

పొద్దున 8 గంటలకు నైట్ వాళ్లు డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో పేషెంట్ బంధువుల ముందు నైట్ సిస్టర్‌ను నిలదీయకండి. పన్నెండు గంటలు మెలకువగా ఉన్న మనిషికి ఆ మాటలు అవమానంగానే మిగులుతాయి. ప్రాణాపాయం లేని విషయమైతే ఆమె మళ్లీ డ్యూటీకి వచ్చాక, విడిగా మాట్లాడండి.

అసలు పరీక్ష పొరపాటు జరిగినప్పుడు వస్తుంది. తప్పు ఇంజెక్షన్ పడితే ముందు పేషెంట్‌ను చూడాలి, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, జరిగింది జరిగినట్టు రాయాలి. ఆ తర్వాత, అదే రోజో మర్నాడో, ఆ సిస్టర్‌తో కూర్చోండి. "ఎందుకు చేశావు" అనకుండా "ఆ టైంలో ఏం జరుగుతోంది, ఆంపుల్స్ ఎక్కడున్నాయి" అని అడగండి. ఒకేలా కనిపించే రెండు ఆంపుల్స్ (ఇంజెక్షన్ మందుల చిన్న గాజు సీసాలు) ఒకే ట్రేలో ఉన్నాయని తేలొచ్చు. గాఢ పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ అలా వేరే మందు పక్కన ఉండి, పొరపాటున నేరుగా నరంలోకి ఎక్కిస్తే ప్రాణాలే పోతాయి. ట్రే మార్పించి, ఆమె ఒప్పుకుంటే, తను చెప్పడం వల్లే మారిందని అందరికీ తెలియజేయండి. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న యూనిట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. అక్కడివాళ్లు భయపడకుండా బయటకు చెప్పేవాళ్లన్నది ఆమె ఇచ్చిన వివరణ. కాబట్టి మీ వార్డులో నెలల తరబడి ఒక్క పొరపాటూ నమోదు కాకపోతే సంతోషించకండి, ఎవరు భయపడుతున్నారో చూడండి.

రౌండ్స్‌లో డాక్టర్ అందరి ముందు సిస్టర్ మీద అరిస్తే తల దించుకుని నిలబడకండి. "సార్, నేను చూసుకుంటాను, స్టేషన్ దగ్గర మాట్లాడదాం" అనండి. తప్పు మనవాళ్లదే అయినా సరే.

మీ కింద పన్నెండు మంది సిస్టర్లు ఉంటే వారానికి ముగ్గురితో, ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడండి. కౌంటర్ దగ్గర కాదు, తలుపున్న గదిలో. ఏ పని ఇబ్బందిగా ఉంది, ఏం నేర్చుకోవాలనుంది, నా వల్ల ఏమైనా కష్టం కలిగిందా అని అడగండి. మూడో ప్రశ్నకు మొదటి నెల "ఏం లేదు మేడమ్" అనే వస్తుంది. అయినా అడుగుతూనే ఉండండి. అడిగింది చేయలేకపోతే ఆ సంగతి వారంలోగా చెప్పేయండి. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడిందంటే ఆ గదిలోకి మళ్లీ ఎవరూ రారు.

ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న ఆయాలు, వార్డు బాయ్‌లు పర్మినెంట్ వాళ్లు చేసే పనే తక్కువ జీతానికి చేస్తుంటారు. "ఏయ్" అని కాకుండా పేరు పెట్టి, అమ్మా, అన్నా అని పిలవండి. వాళ్ల జీతం ఆగితే ఆ ఫైలు ఎక్కడుందో మీరే కనుక్కోండి.

వాట్సాప్ గ్రూపు డ్యూటీ విషయాలకే ఉంచండి. నైట్ దిగి పడుకున్నవాళ్లకు అత్యవసరమైతే తప్ప ఫోన్ చేయకండి. స్టాఫ్‌తో చిట్టీ నడపకండి, చేబదులు తీసుకోకండి. ఇదివరకే చిట్టీలో ఉంటే వాయిదాలు పూర్తిగా కట్టేసి, కొత్తదానిలో చేరకండి.