చెందుర్తి యుద్ధం గేమ్‌లో ఫిరంగి సమస్య ఎలా తీరిందంటే

ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ మధ్య 1758లో జరిగిన చెందుర్తి యుద్ధం మీద అమలాపురంలో మిత్రులం స్ట్రాటజీ గేమ్ చేస్తున్నాం. ఫిరంగులు ఎక్కువ కొన్నవాళ్లే గెలిచేవారు. డ్యామేజ్ తగ్గించాం, రేంజ్ కుదించాం, ధర పెంచాం. ఫిరంగి టపాకాయలా అయిపోయింది తప్ప ఆట కుదరలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు డ్యామేజ్ మళ్లీ పూర్తిగా ఇచ్చేశాం. ఆనాటి తుపాకీకి నిజంలో ఉన్నట్టే నిమిషానికి రెండు మూడు గుండ్లు, వంద మీటర్లు దాటితే గురి తప్పడం. తర్వాత ఫిరంగికి బరువు పెట్టాం: డొంక మీద మామూలు వేగం, తడి చేలో పావు వంతు, ఏరు అడ్డొస్తే రేవు దగ్గరే దాటాలి. (కాలవలకు గోదావరి నీళ్లిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట 1852లో గానీ పూర్తికాలేదు, అందుకే మ్యాపులో పెద్ద పంట కాలవలు పెట్టలేదు.) ఆఖరున, ఎద్దుల్ని విప్పి నిలబెట్టేదాకా పేలకుండా ఆలస్యం చేర్చాం. ఒక్కో మార్పు తర్వాత ఆడి చూడటం ముఖ్యం.

మాది చేలూ ఏర్లూ ఉన్న మ్యాపు కాబట్టి కుదిరింది. మెట్ట మైదానంలో ఇది సరిపోకపోవచ్చు.