ఉత్తర ధ్రువపు మంచుకి పటం కట్టడం

ఇది రెండు పటాల జత. ఒకటి సెప్టెంబరు 1979, పక్కన సెప్టెంబరు 2012. ఆర్కిటిక్ సముద్రం మీద మంచు ఏటా సెప్టెంబరులోనే బాగా తగ్గుతుంది కాబట్టి రెండు పటాలూ అదే నెలవి కావాలి. మార్చి బొమ్మ పక్కన సెప్టెంబరు బొమ్మ పెడితే కనిపించేది ఋతువుల తేడా, అంతే. 1979 సెప్టెంబరు సగటు సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు, 2012లో 36 లక్షలు. 2012 ఆగస్టులో ఆర్కిటిక్ మీద పెద్ద తుఫాను కూడా వచ్చింది. మంచు అతి తక్కువకి దిగిన ఏడాది అదేనని పటం కింద చిన్న అక్షరాల్లో రాయడం న్యాయం. లేకపోతే ఏటా అంతే ఉంటుందనుకుంటారు చూసేవాళ్లు.

బొమ్మలు అమెరికాలోని నేషనల్ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్ వారి ‘సీ ఐస్ ఇండెక్స్’లో ఉచితంగా దొరుకుతాయి. నెలవారీ ఎక్స్‌టెంట్ (మంచు విస్తీర్ణం) జియోటిఫ్ దించుకోండి, అంటే ఏ గడి భూమ్మీద ఎక్కడుందో కూడా తెలిసే బొమ్మ ఫైలు. వెబ్‌సైటులో కనిపించే బొమ్మని స్క్రీన్‌షాట్ తీయొద్దు. ఫైలు తెరిస్తే ఆశ్చర్యం కలుగుతుంది: అడ్డంగా 304, నిలువుగా 448 గడులు మాత్రమే. ఒక్కో గడి 25 కిలోమీటర్లు, అంటే సుమారు 625 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లా మొత్తం ఏడెనిమిది గడుల్లో ఇమిడిపోతుంది. గడిలో 15 శాతమో అంతకు మించో మంచు ఉంటే దాన్ని మంచు గడిగా లెక్కిస్తారు. ఫోటోలాగే కావాలంటే నాసా వరల్డ్‌వ్యూ వెబ్‌సైటులో టెర్రా ఉపగ్రహం మీది మోడిస్ కెమెరా బొమ్మలున్నాయి, 250 మీటర్ల వివరంతో. కానీ టెర్రా ఎగిరింది 1999 చివర్లో, కాబట్టి 1979 అందులో దొరకదు. పైగా మబ్బులు అడ్డొస్తాయి. సీ ఐస్ ఇండెక్స్ కొలతలు మైక్రోవేవ్‌తో తీసినవి, దానికి మబ్బూ చీకటీ లెక్కలేదు.

క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, రంగులు మార్చే సింబాలజీలో ‘పాలెటెడ్’ ఎంచుకోండి. గడుల్లోని అంకెల్లో 0 సముద్రం, 1 మంచు, 253 తీరం, 254 నేల. మంచుకి నిండు తెలుపు ఇవ్వొద్దు, కాగితం తెలుపులో కలిసిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో 238, 243, 245 బాగుంటుంది. సముద్రానికి 12, 38, 66, నేలకి బూడిద రంగు. ధ్రువం దగ్గర గుండ్రటి ఖాళీ ఉంటుంది, ఉపగ్రహం కక్ష్య అక్కడిదాకా వెళ్లదు కాబట్టి. 1979లో ఆ గుండ్రం వ్యాసార్ధం 611 కిలోమీటర్లు, 2012 నాటికి 94. మొత్తం విస్తీర్ణం చెప్పేటప్పుడు ఆ ఖాళీని మంచుగానే లెక్కిస్తారు. లేత బూడిద రంగుతో అలాగే ఉంచండి. పూడ్చేస్తే లేని కొలతను ఉన్నట్టు చూపించినట్టే. ఆ తర్వాత ఎక్స్‌పోర్టులో ‘రెండర్డ్ ఇమేజ్’గా దాచుకోండి.

ఇప్పుడు అసలు పని, పెంచడం. బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో స్కేల్ ఇమేజ్ తెరిచి సరిగ్గా 11 రెట్లు, అంటే 3344 × 4928 పిక్సెళ్లు చేయండి. ఇంటర్‌పొలేషన్ (పెంచేటప్పుడు మధ్య రంగులు పుట్టించే పద్ధతి) ‘నన్’లో ఉండాలి. మామూలుగా ఉండే క్యూబిక్ వదిలేస్తే గడుల అంచులు మసకబారి కడిగిన ముగ్గులా అవుతాయి. పదకొండున్నర లాంటి భిన్నం పెడితే కొన్ని గడులు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. కాన్వాసు 3600 × 5400కి పెంచి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెట్టండి. అదే 12 × 18 అంగుళాలు, పెళ్లి ఆల్బమ్‌లు వేసే ఏ ల్యాబ్‌లోనైనా దొరికే సైజు. బొమ్మ 11.15 × 16.4 అంగుళాలు వస్తుంది, కింద మిగిలిన తెలుపులో నెల, ఏడాది రాయండి. తెలుగు అక్షరాలు మీ దగ్గరే బొమ్మలో కలిపేసి జేపెగ్ ఇవ్వండి. పొరలతో ఉన్న ఫైలు ఇస్తే ల్యాబ్ కంప్యూటర్లో వత్తులు విడిపోతాయి.

ల్యాబ్‌లో చెప్పాల్సిన మాట ఒక్కటే: “కలర్ కరెక్షన్ వద్దండీ, ఉన్నదున్నట్టు వెయ్యండి.” చెప్పకపోతే పెళ్లికూతురి ముఖానికిచ్చే వెలుగు మంచుకీ ఇస్తారు, బూడిద ఛాయలన్నీ ఎగిరిపోతాయి. మ్యాట్ పేపరే అడగండి. ముందు 4 × 6లో ఒకటి వేయించి పగటి వెలుగులో చూసుకోండి.

దేవుడి పటాలు కట్టే షాపుకే తీసుకెళ్లొచ్చు, కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. మౌంట్ బోర్డు, అంటే బొమ్మకీ గాజుకీ మధ్య వేసే మందపాటి అట్ట, దానికి కోసే కిటికీ 11.5 × 17.25 అంగుళాలు. అట్ట అంచు చుట్టూ రెండున్నర, కింద మాత్రం మూడు. గాజు 16.5 × 22.75. మౌంట్ లేకుండా గాజుకి ఆనించి కట్టమని అస్సలు చెప్పొద్దు. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రతీరపు ఊళ్లలో గాలి తేమకి ఫోటో పైపూత గాజుకి అంటుకుపోతుంది, తీయబోతే బొమ్మ ఊడొస్తుంది. వెనక ఫెవికాల్ పూస్తే వానాకాలంలో కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. పైఅంచున రెండు చోట్ల మాత్రం కాగితపు టేపు వేసి వేలాడనివ్వండి. కాగితం సాగడానికి చోటుండాలి. వెనక పాత పేపరూ హార్డ్‌బోర్డూ వేయడం షాపుల అలవాటు, చెదలకి అదే విందు. 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ పలక) వేయించండి. బీడింగు ఫైబర్‌దైతే చెద బెంగ లేదు, కర్రదైతే వెనకవైపు కూడా వార్నిష్ పడాలి.

కింది రెండు మూలలకీ రబ్బరు బుడిపెలు అంటించండి, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. 2 మి.మీ. గాజే కిలో పైన తూగుతుంది కాబట్టి గోడకి డ్రిల్లు వేసి ప్లగ్గులో స్క్రూ బిగించాలి. ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో తీసుకోండి, ఇనుప మేకు ఉప్పు గాలికి తుప్పు పట్టి గోడ మీద చార దిగుతుంది. రెండు పటాలకీ మధ్య రెండంగుళాలు, పైఅంచులు ఒకే గీత మీద. ఎడమది 1979.